చెంగ్డూలో మొదటి నెల ఎలా గడపాలి

చైనాలోని సిచువాన్ రాష్ట్ర రాజధానిని మన పేపర్లు చెంగ్డు అని రాస్తాయి. ఇక్కడివాళ్ల నోట అది ‘ఛంగ్-తూ’. గ్వాంగ్‌జౌలో విమానం మారేటప్పుడు కౌంటర్లో అమ్మాయితో నాలుగుసార్లు ‘చెంగ్డు, చెంగ్డు’ అన్నాను. ఆవిడ ముఖంలో ఏ కదలికా లేదు. చివరికి బోర్డింగ్ పాసు చూపిస్తే, “ఓ, ఛంగ్-తూ!” అని నవ్వింది.

నాది తెనాలి. మూడేళ్లుగా ఇక్కడి టియెన్‌ఫు సాఫ్ట్‌వేర్ పార్కు దగ్గర ఉద్యోగం. చదువుకో ఉద్యోగానికో ఈ ఊరు వస్తున్నవాళ్లు ఫోన్ చేసి, ముందు ఏం చేయాలి, తర్వాత ఏం చేయాలి అని అడుగుతుంటారు. చెప్పిచెప్పి గొంతు నొప్పెట్టి ఒకచోట రాసేస్తున్నాను. పాండాల గురించి ఇందులో ఉండదు. వాటిని చూడటానికి టికెట్ కొనుక్కుంటే చాలు, ఎవరి సలహా అక్కర్లేదు. ఇదంతా ఇంటి తాళం, ఉల్లికాడలు, ఎండ రాని చలికాలం సంగతి.

బయల్దేరకముందే: ఫోను, పేరు

ఇక్కడ పర్సు లేకపోయినా రోజు వెళ్లిపోతుంది, ఫోన్ లేకపోతే వెళ్లదు. నగదు తీసుకోనని కొట్టువాడు అనకూడదు గానీ, మీరు వంద నోటు తీస్తే చిల్లర కోసం పక్క కొట్టుకు పరిగెత్తుతాడు. అందుకని ఇంట్లో ఉండగానే డబ్బు కట్టే యాప్ అలీపే పెట్టుకుని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, వీసా కార్డు గానీ మాస్టర్‌కార్డ్ గానీ జతచేయండి. 200 యువాన్ల లోపు చెల్లింపుకు అదనపు రుసుము ఉండదు, దాటితే 3 శాతం పడుతుంది. యువాన్ అంటే 12 రూపాయల పైమాట. కూరగాయలు, మెట్రో, భోజనం ఈ కార్డు మీద హాయిగా నడుస్తాయి. అద్దె మాత్రం దీని మీద కట్టకండి, స్థానిక బ్యాంకు ఖాతా తెరిచాక కట్టండి.

ఇప్పుడు అసలు తలనొప్పి, మన పేర్లు. చైనావాళ్ల పేరు రెండు మూడు అక్షరాల్లో అయిపోతుంది. వాళ్ల ఫారంలో గడులూ అంతే. ఇంటిపేరు, వెంకట, ఆపైన సత్యనారాయణ, చివర మూర్తి, ఇదంతా అందులో పట్టదు. బ్యాంకు గుమస్తా ఒకలా కొడతాడు, సిమ్ ఇచ్చే అమ్మాయి ఇంకోలా కొడుతుంది. ఆ తర్వాత అలీపే, పాస్‌పోర్టులోని పేరుతో కలిపి ఈ ముగ్గురూ ఒకరు కాదంటుంది. మొట్టమొదట సిమ్ కార్డు దగ్గర మీ పేరు ఎలా పడిందో, ఏది ముందు, ఖాళీ ఎక్కడుందో ఫొటో తీసి పెట్టుకోండి. బ్యాంకులో ఆ ఫొటో చూపించి అచ్చం అలాగే కొట్టమనండి. నాకు ఈ ఒక్క ఖాళీ సరిచేయించుకోవడానికి మూడు పూటలు పట్టింది.

ఇంటికి ఫోన్ చేయడం గురించి కూడా ముందే ఆలోచించాలి. ఇక్కడ వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ తెరుచుకోవు. ఇక్కడ అందరి చేతిలో ఉండే మెసేజ్ యాప్ వీచాట్‌ను మన దేశం 2020 జూన్‌లో నిషేధించింది. అంటే అమ్మ దగ్గరున్నది మీకు పనిచేయదు, మీ దగ్గరున్నది అమ్మకు దొరకదు. మన ఊరి సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ వేయించుకుని రండి. రోమింగ్ డేటా మన దేశపు నెట్‌వర్క్ మీదుగా వెళ్తుంది కాబట్టి వాట్సాప్ నడుస్తుంది. బ్యాంకు ఓటీపీలు కూడా దాని మీదే వస్తాయి, ఆ సిమ్ చచ్చిపోనివ్వకండి. ఇక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. మీరు రాత్రి పదిన్నరకు పక్కెక్కే వేళకు ఇంట్లో ఎనిమిది. అమ్మ వంట చేస్తూ మాట్లాడుతుంది, మీరు ఆవలిస్తూ వింటారు.

దారి చూడటానికి ‘గావ్-ద’ అనే మ్యాపు యాప్ వాడండి. గూగుల్ మ్యాపు ఎలాగో తెరిచినా ఉపయోగం లేదు. ఇక్కడి మ్యాపుల అక్షాంశ రేఖాంశాల లెక్క వేరు, మీరున్న చోటుకు మూడు నాలుగు వందల మీటర్ల అవతల చుక్క పెడుతుంది.

దిగిన 24 గంటల్లో

హోటల్లో దిగితే పోలీసు నమోదు వాళ్లే చేస్తారు. ఇంట్లోనో స్నేహితుడి దగ్గరో దిగితే 24 గంటల్లోగా ఆ పేటలోని పోలీస్ స్టేషన్‌కు మీరే వెళ్లాలి. స్టేషన్‌ను ‘ఫాయ్-ఛూ-సువో’ అంటారు. పాస్‌పోర్టు, అద్దె ఒప్పందం, ఇంటి ఓనరు గుర్తింపు కార్డు నకలు పట్టుకెళ్లండి. ఒక కాగితం ఇస్తారు. చూడటానికి రేషన్ షాపు రసీదులా ఉంటుంది గానీ దాన్ని పారేయకండి, తర్వాత అన్నిచోట్లా అదే అడుగుతారు. ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్లు 30 రోజుల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి, దానికీ ఈ కాగితమే మొదటి మెట్టు. ఇల్లు మారితే మళ్లీ నమోదు చేయించాలి. పోలీస్ స్టేషన్ అనగానే మనకు కడుపులో ఏదో తిరుగుతుంది కదా. నేనూ చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లాను. పది నిమిషాల్లో అయిపోయింది.

ఇల్లు, గేటు, పొట్లాలు

ఇల్లు చూపించే మధ్యవర్తి ‘యా ఈ ఫూ సాన్’ అంటాడు. ఒక నెల అడ్వాన్సు, మూడు నెలల అద్దె ముందే అని అర్థం. అద్దె 3000 అయితే తాళం చేతికి రాకముందే 12,000 యువాన్లు పోతాయి. ఆపైన మధ్యవర్తి కమీషను. ఆ డబ్బు చేతిలో పెట్టుకుని రండి. ఇంట్లోకి సామాను చేర్చకముందే గోడలు, నేల, ఏసీ రిమోటు, బాత్రూము కుళాయి అన్నిటినీ వీడియో తీయండి. నా మొదటి ఇంటి ఓనరు, నేను రాకముందే నేల మీదున్న గీతకు నా అడ్వాన్సులో సగం కోసుకున్నాడు. నా దగ్గర వీడియో లేదు, వాదించేంత భాషా లేదు.

చిరునామా మనకు పూర్తిగా తిరగేసి ఉంటుంది. మనం ఇంటి నంబరుతో మొదలుపెట్టి జిల్లాలో తేలతాం. వీళ్లు రాష్ట్రంతో మొదలుపెట్టి ఊరు, జిల్లా, వీధి, కాలనీ దాటుకుంటూ గదిలోకి దిగుతారు. చివరి మూడు అంకెలే ప్రాణం. ఎన్నో బిల్డింగు, అందులో ఎన్నో వాకిలి, ఎన్నో గది అన్నది వాటిలోనే ఉంటుంది. దీన్ని చైనా అక్షరాల్లో ఎవరి చేతైనా కాగితం మీద రాయించుకుని ఫొటో తీసుకోండి. బ్యాటరీ అయిపోయిన రాత్రి ట్యాక్సీలో పనికొచ్చేది కాగితమే.

గేటున్న కాలనీని ‘శియావ్-ఛ్యూ’ అంటారు. నగరంలో ఎక్కువమంది బతుకు ఈ గోడల మధ్యే. లోపల నడకదారి, వెదురు పొదలు, సాయంత్రం పాటలు పెట్టుకుని వరసగా డాన్సు చేసే పెద్దావిడలు, తాతయ్యలు తోసే పిల్లల బళ్లు, అన్నీ అక్కడే ఉంటాయి. గేటు దగ్గర ముఖం చూసి తెరిచే యంత్రం ఒకటి, పక్కన నీలం చొక్కా గార్డు ఒకరు. యంత్రంలో ముఖం నమోదు చేయించుకోండి, మంచిదే. గార్డుకు మాత్రం రోజూ నమస్కారం పెట్టండి. యంత్రం పాడైన రోజు మిమ్మల్ని గుర్తుపట్టేది ఆయనే.

వస్తువులు తెప్పించుకుంటే చాలావరకు గుమ్మం దాకా రావు. కాలనీలో ఒక చిన్న గది ఉంటుంది, మా కాలనీలో దాన్ని ఒక మొగుడూపెళ్లాం నడుపుతారు. ఫోన్లో 6-2-3047 లాంటి అంకె వస్తుంది. ఆరో అలమర, రెండో అర, పొట్లం మీద 3047. వెతికి తీసుకుని, వాకిట్లో ఉన్న కెమెరా కింద ఒకసారి చూపిస్తే టింగ్ అంటుంది. మొదటిసారి నేను ఆ టింగ్ సంగతి తెలియక పొట్లం చంకన పెట్టుకుని వచ్చేశాను. ఆవిడ చెప్పులు టపటపలాడించుకుంటూ వెనక పరిగెత్తుకొచ్చింది. దొంగననుకుంది కాబోలు అని నాకు చెమటలు పట్టాయి. అదేం కాదు, నేను తీసుకున్నది పక్కవాళ్ల పొట్లం.

భోజనం తెప్పిస్తే డెలివరీ కుర్రాడు ఫోన్ చేసి గుక్క తిప్పుకోకుండా ఏదో అంటాడు. ఏమన్నా సరే, ‘ఫాంగ్ మన్-ఖౌ’ అనండి. గుమ్మం దగ్గర పెట్టెయ్యమని. ట్యాక్సీ ఎక్కగానే డ్రైవరు అడిగేది మీ ఫోను నంబరులో చివరి నాలుగు అంకెలు. ఆ నాలుగు అంకెలు చైనా భాషలో నోటికి రావాలి. నంబర్లు చదివేటప్పుడు ఒకటిని ‘ఈ’ అనరు, ‘యావ్’ అంటారని గుర్తుంచుకోండి.

రోజుకు ఒక పని నోటితో

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఫోన్లో అయిపోయే పనులే. అక్కడే చిక్కు. తిండి, తోవ, అద్దె, మందులు అన్నీ తెర మీద వేలితో జరిగిపోతుంటే, నేను వచ్చిన కొత్తలో రెండు వారాల పాటు ఆఫీసు బయట ఒక మనిషితో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆఫీసులో ఉన్నది ఇంగ్లీషు. ఓ ఆదివారం సాయంత్రం నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ రోజు పెట్టుకున్న నియమమే మీకూ చెబుతున్నాను: రోజుకు ఒక్క పనైనా అనువాద యాప్ తీయకుండా నోటితో చేయండి. టమాటాలు కొనడమైనా సరే.

భయపడకండి, మనకొక దాచుకున్న ఆస్తి ఉంది. ఇంగ్లీషువాళ్లు ఏళ్లు తంటాలు పడే శబ్దాలు మన ఒత్తుల్లో ఉన్నాయి. చైనా మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ‘బి’ అని రాస్తారే, అది మన బ కాదు, ప. వాళ్లు ‘పి’ అని రాసింది మన ఒత్తు ఫ, ఫలంలోది. ‘డి’ అంటే త, ‘టి’ అంటే థ. ‘జి’ అంటే క, ‘కె’ అంటే ఖ. అందుకే డు అని రాసింది తూ అయింది. ‘ఎక్స్’ అని కనిపిస్తే కంగారుపడక శంకరుడి శ అనండి. ‘ఎస్‌హెచ్’ కనిపిస్తే షష్ఠి ష. ‘జడ్’ అంటే ౘలి, ౘుక్క, ౘాప అంటామే, ఆ దంత్య ౘ. దానికే ఒత్తు పెడితే ‘సి’. కూరగాయను ‘ౘ్హాయ్’ అంటారు, టీ ‘ఛా’. ఇంగ్లీషు మీద ఆధారపడినవాడికి ఇవి రెండూ కలిసిపోతాయి, మీకు కలవవు. ఉచ్చారణ పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల పక్కన పెన్సిల్‌తో తెలుగు అక్షరాలు రాసుకోండి, వారంలో నాలుక తిరుగుతుంది. స్వరాల ఎత్తుపల్లాలు మాత్రం మనకూ కొత్తే, వాటికి దగ్గరదారి లేదు.

ఇంకో సంగతి. ఈ ఊరి యాసలో ష అంతా స అయిపోతుంది. నాలుగు ‘స్’, పది ‘ష్’ కాబట్టి, రెంటికీ తేడా రాగంలోనే మిగులుతుంది. బజార్లో నాలుగు యువాన్లని విని నాలుగు పంపాను, ఆయన చెప్పింది పది. అందుకని ధర అడిగాక వేళ్ల వైపు చూడండి. వీళ్లు ఒంటి చేత్తో పది దాకా చూపిస్తారు. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. బొటనవేలు, చూపుడువేలు తుపాకిలా పెడితే ఎనిమిది. పిడికిలి బిగిస్తే పది, తగువుకు కాదు.

పిలుపులు కూడా నేర్చుకోవాలి. కొట్టు యజమాని ‘లావ్-పాన్’. డ్రైవరు, ప్లంబరు, చెప్పులు కుట్టే ఆయన ‘షి-ఫు’. అమ్మ వయసు ఆవిడ కనిపిస్తే ఈ ప్రాంతంలో ‘ఞాంగ్-ఞాంగ్’ అంటారు, మనం పిన్నిగారూ అన్నట్టు. చిన్నప్పుడు బడిలో ఞ రాయించి, దీనితో ఒక్క మాటా చెప్పకుండా వదిలేశారు కదా, అది ఇక్కడ పనికొచ్చింది. గేటు దగ్గర ఎవరైనా ‘తిన్నావా?’ అని అడిగితే తడుముకోకండి. మన భోంచేశారా లాంటిదే. తిన్నానని నవ్వితే సరిపోతుంది, ఏం తిన్నారో చెప్పక్కర్లేదు.

కూరగాయల బజారు

సూపర్ మార్కెట్ వదిలేయండి. పొద్దున ఏడింటికి కాలనీ వెనక కూరగాయల బజారుకు వెళ్లండి. నేలంతా తడిగా ఉంటుంది, పాత చెప్పులతో వెళ్లండి. చేపను తొట్టెలోంచి తీసి మీ ఎదుటే కొడతారు, చూడలేనివాళ్లు ఆ వరస దాటి రావాలి.

అట్టముక్క మీద రాసిన ధర కిలోకు కాదు, ‘చిన్’కు. చిన్ అంటే అరకిలో. అందులో పదోవంతు ‘లియాంగ్’, 50 గ్రాములు. పూర్వం చిన్‌కు పదహారు లియాంగ్‌లు ఉండేవట. అందుకే ఇద్దరూ ఒకే బాపతు అనడానికి ‘ఒకటి అరచిన్, ఒకటి ఎనిమిది లియాంగ్’ అంటారు. మన దొందూ దొందే అన్నమాట. నూడుల్స్ కొట్లోనూ ఈ లెక్కే. ప్లేటు అని అడగరు, రెండు లియాంగా, మూడు లియాంగా అంటారు. రెండు చాలు, మూడు అంటే ఆకలి మీదున్న మనిషికి.

‘త్వో షావ్ ఛియెన్’ అంటే ఎంత అని. బేరం పెద్దగా ఉండదు. దానికి బదులు ఇంకో మర్యాద ఉంది. రెండు రకాలు కొన్నాక సంచీ అందిస్తూ ఒక్క క్షణం ఆగండి. ఞాంగ్-ఞాంగ్ నాలుగు ఉల్లికాడలు తుంచి మీద పడేస్తుంది. మన దగ్గర కూరగాయలతో కరివేపాకు రెబ్బ వేసినట్టే. మా బజార్లో ఆవిడ మొదటి రెండు వారాలు నాకు వేయలేదు. మూడో వారం అడక్కుండానే వేసింది. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి ఇదొక వార్తలా చెబితే, నాన్న “ఉల్లికాడలకేనా ఇంత సంబరం” అన్నారు.

కరివేపాకు మాత్రం కనపడదు, మినప్పప్పూ కనపడదు. కానీ పెసలు సంచుల కొద్దీ ఉంటాయి. ఎండాకాలంలో వీళ్లు వాటిని పంచదారతో కాచి చల్లార్చి తాగుతారు. మాంసం కాల్చేవాళ్ల ధర్మమా అని జీలకర్ర దొరుకుతుంది, అల్లం, పచ్చిమిర్చి సరేసరి. అంటే మొదటి ఆదివారమే పెసరట్టు వేసుకోవచ్చు. మిక్సీ, నాన్‌స్టిక్ పెనం ఆన్‌లైన్లో మర్నాటికల్లా వస్తాయి. మినుములు, చింతపండు తర్వాత తెప్పించుకోండి, తొందరేం లేదు.

కారం విషయంలో డాంబికం వద్దు

మేం గుంటూరువాళ్లం, మాకు కారమేమిటి అని మా టీము వాళ్లతో మొదటి వారమే అన్నాను. ఒక రకంగా నిజమే. గుంటూరు యార్డు నుంచి తేజ మిరప పెద్ద ఎత్తున చైనాకు వస్తుంది. ఇక్కడి వాసన మిరప కంటే దానికే ఘాటెక్కువ. కానీ ఈ ఊరి వంటలో దెబ్బ కొట్టేది మిరప కాదు, ‘హువా-చియావ్’ అనే మసాలా దినుసు. మన కొంకణం వాళ్లు చేపల పులుసులో వేసే తిరఫలానికి దగ్గరి చుట్టం. నోట్లో పడిన నిమిషానికి మడత పెట్టి కూర్చున్న కాలు తిమ్మిరెక్కినట్టు పెదాలు, నాలుక తిమ్మిరెక్కుతాయి. మంచినీళ్లు తాగితే ఆ నీళ్లు కూడా జివ్వుమంటాయి. టీము అంతా నన్నే చూస్తోంది. నేను మాట్లాడదామన్నా పెదాలు నా మాట వినలేదు.

అందుకని హాట్‌పాట్‌కు, అంటే బల్ల మీద మరిగే పులుసు కుండలో ముక్కలు ఉడికించుకుని తినే భోజనానికి తీసుకెళ్తే, సగం ఎరుపు, సగం తెలుపు ఉన్న కుండ చెప్పమనండి. ఎరుపు వైపు ‘వేయ్ లా’, అంటే కొంచెం కారం చాలు. మీకిచ్చే చిన్న గిన్నెలో నువ్వుల నూనె పోసుకుని వెల్లుల్లి, కొత్తిమీర వేసుకోండి. కుండలోంచి తీసిన ముక్కను అందులో ముంచి తినాలి. నూనె చల్లబరుస్తుంది, పట్టుకొచ్చిన మిరప గింజల్ని దులుపుతుంది. గొడ్డు బోటి తినేవాళ్లకు ఒక లెక్క ఉంది: చాప్‌స్టిక్స్ వదలకుండా ఏడుసార్లు పైకి, ఎనిమిదిసార్లు కిందికి, పదిహేను సెకన్లకల్లా నోట్లోకి. వదిలేస్తే చెప్పు తోలవుతుంది. ఎండుమిర్చి గుట్టలో వేయించిన కోడి ముక్కలు వస్తే గుట్టను తవ్వి కోడిని తినాలి, మిరపకాయల్ని కాదు. ఇది చెప్పక్కర్లేదనుకుంటారు గానీ, చెప్పాల్సి వచ్చినవాళ్లు నాకు తెలుసు.

శాకాహారులకు ఇంకొంచెం జాగ్రత్త. ‘వో ఛ్ సూ’ అంటే నేను శాకాహారిని అని. అది చాలదు. చిక్కుడుకాయ వేపుడులో ఖీమా చల్లుతారు. తెల్ల పులుసు తెల్లగా ఉంటుంది గానీ ఎముకలతో కాచింది, పుట్టగొడుగులదో టమాటాదో అడగాలి. కూర వేయించింది పంది కొవ్వులో కావచ్చు. మొదటి వారం ఈ పరీక్షలన్నీ వద్దనుకుంటే మెట్రో 1వ లైనులో వన్‌షూ గుడి స్టేషన్‌లో దిగండి. ఆ బౌద్ధ మఠంలోనే శాకాహార భోజనశాల ఉంది. అక్కడ చేప ఆకారంలో వచ్చేది కూడా చేప కాదు.

ఒక పూట ఊరికే కూర్చోవాలి

మూడో వారాంతం మెట్రో 2వ లైనెక్కి పీపుల్స్ పార్కుకు వెళ్లండి. సంచీ తనిఖీ అన్ని స్టేషన్లలోనూ ఉంటుంది, టికెట్ 2 యువాన్లతో మొదలు. పార్కులో చెరువు పక్కన వెదురు కుర్చీలు వేసిన టీ కొట్టు కనిపిస్తుంది, పేరు హ-మింగ్, వందేళ్లు దాటినది. మల్లెపూల టీ చెప్పండి. సాసరు, కప్పు, మూత, మూడూ కలిపి ఇస్తారు, పక్కన వేణ్ణీళ్ల ఫ్లాస్కు. మూతతో ఆకును పక్కకు తోసి, మూత కాస్త వాల్చి, ఆ సందులోంచి తాగాలి. మూత తీసి సాసరుకు ఆనిస్తే ఇంకాసిని నీళ్లు పొయ్యమని. ఒకసారి డబ్బిచ్చాక సాయంత్రం దాకా ఎవరూ లేవమనరు. మా ఊళ్లో కాఫీ హోటల్లో గ్లాసు ఖాళీ అవగానే గుడ్డ పట్టుకుని మీద నిలబడే కుర్రాడు గుర్తొచ్చి, మొదటిసారి అరగంటకే లేచిపోయాను. అది పొరపాటు. నాలుగు గంటలు కూర్చోండి.

చుట్టూ ఏం జరుగుతుందంటే, ఒకాయన ఇనప పట్టకారు లాంటిది టింగుమనిపిస్తూ తిరుగుతాడు. చెవులు శుభ్రం చేసే మనిషి. నుదుటి మీద దీపం, చేతిలో అరడజను పుల్లలు. నేను ఇంతవరకు చెవి ఇవ్వలేదు. ఇంకోపక్క పెళ్లి సంబంధాల కాగితాలు వరసగా పెడతారు. పుట్టిన సంవత్సరం, ఎత్తు, జీతం, సొంత ఇల్లుందా. పెట్టేది అమ్మానాన్నలే. ఏదీ మనకు కొత్త కాదు. పార్కు మధ్యలో 1913లో కట్టిన ఎత్తైన స్తంభం ఉంది. 1911లో తమ రైలుమార్గాన్ని ప్రభుత్వం లాక్కుంటోందని ఈ రాష్ట్రం వాళ్లు తిరగబడ్డారు, కాల్పుల్లో చనిపోయినవాళ్ల పేరన నిలబెట్టారు. చక్రవర్తుల పాలన కూలడానికి ఆ గొడవ ఒక నిప్పురవ్వ. దాని నీడలో ఇప్పుడు ముసలివాళ్లు పేకాడుకుంటారు.

ఎండ వచ్చిన రోజు, రాని రోజు

చలికాలంలో వచ్చేవాళ్లకు ఇది. జనవరిలో పగలు కూడా 10 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అంతేనా అంటారు. ఢిల్లీ చలి వేరు, ఇది తడి చలి, గోడల్లోంచి వస్తుంది. ఉత్తర చైనాలో ఇళ్లకు ప్రభుత్వం వెచ్చటి నీటి గొట్టాలు వేసింది, ఈ ఊరు ఆ గొట్టాలు ఆగిన గీతకు దక్షిణాన పడింది. కాబట్టి ఇంట్లోనూ కోటు వేసుకోవాల్సిందే. మొదటి రోజే కరెంటు దుప్పటి కొనుక్కోండి. పడుకునే అరగంట ముందు వేసి, పక్కెక్కాక తగ్గించండి.

ఎండ మాత్రం వారాల తరబడి రాదు. ఈ ప్రాంతంలో కుక్కలు సూర్యుణ్ణి చూసి మొరుగుతాయని వెయ్యేళ్ల కిందటి టాంగ్ రాజుల కాలం నుంచే సామెత. వచ్చిన రోజున ఊరు ఊరంతా పచ్చిక మీద పరుచుకుంటుంది. మా మేనేజరు కూడా మధ్యాహ్నం కునుకు మానేసి కింద బెంచీ మీద ముఖం ఎత్తి కూర్చుంటాడు. మీరూ వెళ్లండి. ఎండలో నల్లబడతామని గొడుగు వేసుకుని పెరిగిన మనకు అది వింతే.

ఇక నాలుగో వారం. పెసరట్టు బాగా కుదిరిన రోజున పక్క ఫ్లాటు తలుపు తట్టి రెండు ఇవ్వండి. నేనిచ్చిన ఞాంగ్-ఞాంగ్ పొద్దున్నే ప్లేటు తిరిగిచ్చింది, ఖాళీగా కాదు. ముల్లంగి, బీన్సు, అల్లం వేసి ఉప్పునీళ్లలో ఊరేసిన ముక్కలు. తర్వాత నెలకు జాడీయే ఇచ్చింది, తన జాడీలోని పాత ఊట ఒక గ్లాసు పోసి. ఈ జాడీ మెడ చుట్టూ గిన్నెలా అంచు ఉంటుంది. అందులో నీళ్లు పోసి మూత బోర్లిస్తే లోపలికి గాలి పోదు, లోపలి గాలి మాత్రం బుడగలుగా బయటికి వస్తుంది. రాత్రి వంటింట్లో ‘బుడుక్’ మని వినిపిస్తే పిల్లి అనుకోకండి. ఆవిడ నాకు మూడు విషయాలు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది: జిడ్డు గరిటె పెట్టకు, తడి చెయ్యి పెట్టకు, అంచులో నీళ్లు ఎండిపోనివ్వకు. మొదటి రెండూ మా అమ్మ ఆవకాయ జాడీ ముందు చెప్పేవే. మూడోది నేను మరిచిపోయి ఒక జాడీ బూజు పట్టించాను. మీరు వారానికోసారి నీళ్లు మార్చండి.